రెండోసారి ఏసీఎల్ ఆపరేషన్: ముందు తేల్చుకోవాల్సినవి, తర్వాత నెలనెలా చేయాల్సినవి

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్. దాని ఆపరేషన్ ఒకసారి అయిపోయింది. ఏడాదో రెండేళ్లో బాగానే నడిచింది. ఇప్పుడు మళ్లీ మెట్లు దిగుతుంటే మోకాలు జారుతోంది, పక్కకు తిరిగితే పట్టు తప్పుతోంది, ఎంఆర్ఐలో గ్రాఫ్ట్ (తెగిన ఏసీఎల్ స్థానంలో వేసిన టెండన్) తెగిందని వచ్చింది. ఇలాంటప్పుడు అందరూ ఆపరేషన్ తేదీ గురించే ఆలోచిస్తారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మొదటిది ఎందుకు పోయింది? దానికి జవాబు దొరక్కుండా చేయించుకునే రెండో ఆపరేషన్ కూడా అదే దారిలో పోవచ్చు. అందుకే ఈ వ్యాసంలో మొదటి నాలుగు అంచెలు ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లకముందే జరిగే పనులు.

ఒక మాట. ఇళ్లలో "కాలి నరం తీసి మోకాల్లో వేశారు" అంటుంటారు. అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్. దాన్ని తీసినంత మాత్రాన కాలు పడిపోదు.

మొదటి అంచె: పాత కాగితాలు సంపాదించండి

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటీ చాలదు. అందులో "ఏసీఎల్ రీకన్‌స్ట్రక్షన్ చేశాం" అని ఒక్క ముక్కే ఉంటుంది. మీకు కావాల్సింది ఆపరేషన్ నోట్స్. ఏ టెండన్ తీశారు, అది ఎన్ని మిల్లీమీటర్ల మందం వచ్చింది, తొడ ఎముక వైపు దేంతో బిగించారు, కింది ఎముక వైపు ఏ స్క్రూ వేశారు, మెనిస్కస్‌ను (రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే పొరను) కుట్టారా, కత్తిరించారా, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి దరఖాస్తు రాసి తీసుకోండి.

దాంతోపాటు ఇంప్లాంట్ స్టిక్కర్ జిరాక్స్ అడగండి. గ్రాఫ్ట్‌ను ఎముకకు బిగించే స్క్రూ, బటన్ డబ్బాల మీద ఉండే చిన్న లేబుల్‌ను కేస్ షీట్‌లో అంటిస్తారు. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు దాని మీద ఉంటాయి. అంత చిన్న కాగితం మీద పట్టుదల ఎందుకంటే, స్క్రూ తల గాడి ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకటి ఆరు పలకలది, ఇంకొకటి నక్షత్రం ఆకారంది. సరైన స్క్రూడ్రైవర్ ముందే తెప్పించకపోతే లోపల తల అరిగిపోతుంది. అప్పుడు స్క్రూ తీయడానికి చుట్టూ ఎముకను తొలచాలి. కొత్త గ్రాఫ్ట్‌కు పట్టు ఇవ్వాల్సింది ఆ ఎముకే.

స్టిక్కర్ దొరక్కపోయినా దిగులు పడకండి. లోహపు స్క్రూ, బటన్ మామూలు ఎక్స్‌రేలో తెలుస్తాయి. కరిగిపోయే రకం స్క్రూలు, పీక్ అనే ప్లాస్టిక్ స్క్రూలు ఎక్స్‌రేలో కనిపించవు, వాటికి సీటీ స్కాన్ కావాలి. పాత ఎంఆర్ఐ సీడీ, ఆర్థ్రోస్కోపీ (మోకాల్లోకి సన్నని కెమెరా పెట్టి చూడటం) ఫొటోలు ఉంటే అవీ తీసుకెళ్లండి.

రెండో అంచె: మొదటి గ్రాఫ్ట్ పోయిన కారణం తేల్చండి

కారణాలు ఒక్కోసారి రెండు మూడు కలిసే ఉంటాయి.

ఎక్కువగా కనిపించేది టన్నెల్ తప్పు చోట పడటం. గ్రాఫ్ట్‌ను ఎక్కించడానికి రెండు ఎముకల్లోనూ రంధ్రాలు వేస్తారు. తొడ ఎముక వైపు రంధ్రం మరీ ముందుకో, మరీ పైకో పడితే గ్రాఫ్ట్ నిటారుగా నిలబడిపోతుంది. ముందుకు లాగి చూస్తే గట్టిగానే ఉన్నట్టుంటుంది, పాదం నేల మీద ఆనించి ఒళ్లు తిప్పగానే జారుతుంది. "నేరుగా పరిగెత్తగలను, కానీ పక్కకు తిరగలేను" అనేవాళ్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండోది, పక్కనున్న గాయాన్ని వదిలేయడం. మోకాలి వెనక బయటి మూలలో ఉండే లిగమెంట్లు, లోపలి పక్క ఎంసీఎల్ అనే లిగమెంట్, మెనిస్కస్ వేరు దగ్గర చీలిక, ఇవి బాగుచేయకుండా ఏసీఎల్ ఒక్కటే కట్టితే వాటి భారమంతా దాని మీద పడుతుంది.

మూడోది ఎముక ఆకారం. మోకాలి కింది ఎముక పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు 12 డిగ్రీలు దాటితే, అడుగు వేసిన ప్రతిసారీ ఎముక ముందుకు జారాలని చూస్తుంది, గ్రాఫ్ట్ ఆ లాగుడంతా ఒంటిగా భరించాలి. అలాంటివాళ్లకు, ముఖ్యంగా రెండుసార్లు తెగినవాళ్లకు, ఎముకను కోసి వాలు తగ్గించే ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు. దొడ్డికాళ్లు ఉన్నవాళ్లలో కూడా ఇలాంటి లెక్కే చూస్తారు.

ఇక తొందరగా మైదానంలోకి దిగడం, మళ్లీ దెబ్బ తగలడం. నార్వే, అమెరికాల్లో ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటకు తిరిగి వెళ్లడం తొమ్మిదో నెల వరకు ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. మీరు అయిదో నెలలోనే కబడ్డీ కోర్టులో దిగి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు దాచకండి. అది తెలిస్తేనే మిగతా కారణాలకు ఎంత బరువివ్వాలో ఆయన అంచనా వేయగలుగుతారు.

దీనికోసం జరగాల్సిన పరీక్షలు ఇవి: నిలబడి తీసిన ఎక్స్‌రే, పక్క నుంచి తీసిన ఎక్స్‌రే, తుంటి నుంచి చీలమండ దాకా మొత్తం కాలు ఒకే ఫిల్మ్‌లో, కొత్త ఎంఆర్ఐ, టన్నెళ్లు కొలవడానికి సీటీ. వీటన్నిటికంటే ముందు డాక్టర్ మీ మోకాలిని చేత్తో పట్టి, రెండో కాలితో పోల్చి పరీక్షించాలి. ఎంఆర్ఐ రిపోర్టు ఒక్కటే చదివి తేదీ ఇచ్చేస్తే ఇంకో ఆర్థోపెడిక్ సర్జన్‌ను కలవండి. ఏసీఎల్ రివిజన్లు, అంటే ఇలా రెండోసారి చేసే ఆపరేషన్లు, తరచూ చేసేవాళ్లను వెతుక్కోవడం తప్పు కాదు, మొహమాటపడే విషయం అంతకన్నా కాదు.

అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. పాత టన్నెళ్లు ఎక్కడున్నాయి, ఎంత వెడల్పయ్యాయి? నా ఎముక వాలు ఎంత? మెనిస్కస్ ఎంత మిగిలింది? మొదటిది ఇందువల్ల పోయింది అని ఒక్క వాక్యంలో చెప్పగలరా?

గ్రాఫ్ట్ తెగిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ తప్పనిసరి కాదు. కూర్చుని చేసే ఉద్యోగం, మామూలు నడక, ఎక్కడా జారడం లేదు అన్నప్పుడు మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేసి చూసి నిర్ణయించుకోవచ్చు. మోకాలు మడత పడి చాచుకోకుండా పట్టేస్తే మాత్రం ఆగకూడదు. మెనిస్కస్ ముక్క మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు, రోజులు గడిచేకొద్దీ అది కుట్టడానికి పనికిరాకుండా పోతుంది.

మూడో అంచె: ఒకేసారా, రెండు విడతలా? ఏ టెండన్?

టన్నెల్ మొదట 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. కాలం గడిచేకొద్దీ వెడల్పవుతుంది. సుమారు 14 మిల్లీమీటర్లు దాటితే, లేదా పాత రంధ్రం కొత్తగా వేయాల్సిన చోటుకు సగం మీద సగం పడుతుంటే, చాలామంది సర్జన్లు రెండు విడతల్లో చేస్తారు. మొదటి విడతలో స్క్రూలు తీసి, రంధ్రాల్లో ఎముక పొడి నింపుతారు. సాధారణంగా తుంటి ఎముక నుంచి తీస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు ఆగి, సీటీలో ఎముక నిండిందని చూసుకుని కొత్త గ్రాఫ్ట్ వేస్తారు. గోడలో రంధ్రం వదులైపోతే అందులోనే మళ్లీ మేకు కొట్టం కదా, పూడ్చి ఆరనిచ్చి కొడతాం. "రెండుసార్లు ఎందుకు, ఒకేసారి కానిచ్చేయండి" అని ఒత్తిడి చేయకండి.

గ్రాఫ్ట్ విషయానికొస్తే, మొదటిసారి తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ వాడేసి ఉంటారు. మిగిలినవి ఇవీ:

మోకాలిచిప్ప కింది టెండన్. రెండు చివర్లా ఎముక ముక్కలతో వస్తుంది కాబట్టి టన్నెల్‌లో త్వరగా అతుక్కుంటుంది. ఇబ్బందల్లా మోకాళ్ల మీద కూర్చుంటే ముందు భాగం నొప్పెట్టడం. నమాజు చదివేవాళ్లు, నేల మీద మోకరిల్లి చేసే పనివాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి.

మోకాలిచిప్ప పైన ఉండే క్వాడ్రిసెప్స్ టెండన్. మందంగా వస్తుంది. తొడ ముందు కండరం తిరిగి బలం పుంజుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

పెరోనియస్ లాంగస్. చీలమండ బయటి పక్క పైనుంచి తీస్తారు, మన దేశంలో వాడకం బాగానే ఉంది. చీలమండకు కూడా వ్యాయామం చేయాల్సి వస్తుంది.

రెండో కాలి హ్యామ్‌స్ట్రింగ్. తీసిన కొత్తలో రెండు కాళ్లూ బలహీనంగా ఉంటాయి, అంతే తేడా.

దాత నుంచి తీసిన టెండన్ కూడా ఉంటుంది. అమెరికాలో 2006లో మొదలై దాదాపు 1200 మంది రివిజన్ రోగులను గమనించిన మార్స్ అధ్యయనంలో, సొంత టెండన్ వాడినవాళ్లకు రెండేళ్లలో మళ్లీ తెగే అవకాశం దాత టెండన్ వాడినవాళ్లకంటే 2.78 రెట్లు తక్కువని తేలింది. వయసులో ఉన్నవాళ్లు, ఆటగాళ్లు సొంతదే అడగడం మేలు.

ఇంకొకటి అడగండి: మోకాలి బయటి పక్క ఒక పట్టీ కూడా వేస్తారా? దీన్ని ఎల్ఈటీ అంటారు. కాలు లోపలికి తిరగకుండా ఇది అడ్డుకుంటుంది. మొదటిసారి ఆపరేషన్ చేయించుకున్న 25 ఏళ్ల లోపు వాళ్ల మీద చేసి 2020లో ప్రచురించిన స్టెబిలిటీ అధ్యయనంలో, హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ ఒక్కటే వేస్తే 11 శాతం మందికి, ఈ పట్టీ కూడా వేస్తే 4 శాతం మందికి రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగింది. రివిజన్లలో చాలామంది సర్జన్లు దీన్ని కలుపుతున్నారు.

నాలుగో అంచె: ఆపరేషన్‌కు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు

వాచి, నీరు పట్టి, పూర్తిగా చాచుకోని మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. వాపు తగ్గాలి, మోకాలు రెండో దాంతో సమానంగా చాచుకోవాలి, కాలు నిటారుగా పెట్టి ఎత్తినప్పుడు మోకాలు వంగకుండా ఉండాలి. ఈ మూడూ వచ్చాకే తేదీ పెట్టించుకోండి.

ఫిజియో దగ్గర మంచి కాలి బలం ఇప్పుడే కొలిపించి రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత ఆపరేషన్ కాలిని మంచి కాలితో పోలుస్తారు. ఈలోగా నడక తగ్గి మంచి కాలు కూడా చిక్కిపోతుంది, దాంతో పోలిస్తే బలహీనమైన కాలు కూడా పాసైపోతుంది. ఇప్పటి లెక్క చేతిలో ఉంటే ఆ మోసం జరగదు.

సిగరెట్, బీడీ, గుట్కా కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. ఒంటి మీద సెగ్గడ్డ, కాలి వేళ్ల మధ్య పుండు, చీము పట్టిన పన్ను, ఏదున్నా చెప్పండి, ఇన్‌ఫెక్షన్ అక్కడి నుంచి మోకాలికి చేరొచ్చు. ఇంట్లో రేజర్‌తో కాలు గీయకండి, కంటికి కనిపించని గాట్లు పడతాయి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పాలి, మీరే ఆపేయొద్దు.

ఇన్సూరెన్స్ ఉంటే పాత ఆపరేషన్ వివరాలతో ముందుగానే క్యాష్‌లెస్ అనుమతికి పంపించండి. కొత్త పాలసీ అయితే ముందునుంచీ ఉన్న సమస్యకు గరిష్ఠంగా 36 నెలల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు, పాలసీ కాగితంలో చూసుకోండి. గ్లౌజులు, డ్రేపుల్లాంటి వాటి ఖర్చు చాలా పాలసీల్లో మన మీదే పడుతుంది.

ఇల్లు సిద్ధం చేయండి. మంచం ఎత్తుగా ఉండాలి. దేశవాళీ మరుగుదొడ్డి మాత్రమే ఉంటే కమోడ్ కుర్చీ కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. స్నానానికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేసి, బాత్‌రూమ్‌లో జారని మ్యాట్ పరవండి. ఊతకర్రల ఎత్తు ముందే సరిచూసుకోండి: కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. బరువు చేతుల మీద పడాలి, చంకలో కాదు. చంకలో ఆనిస్తే చేతికి తిమ్మిరి వస్తుంది.

అయిదో అంచె: ఆపరేషన్ రోజు

అన్నం, టిఫిన్ ఎనిమిది గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. మీ మత్తు డాక్టర్ చెప్పిన వేళే ఖాయం. చాలామందికి వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారు. మొదటిదానికంటే ఎక్కువ సేపు పడుతుంది, పాత స్క్రూలు తీయాలి కదా, బయట కూర్చున్నవాళ్లకు ఈ మాట ముందే చెప్పి వెళ్లండి. ఆపరేషన్ జరిగేటప్పుడు రక్తం రాకుండా తొడకు బిగించిన పట్టీ వల్ల రెండు మూడు రోజులు తొడ నలిగినట్టు ఉంటుంది. మూత్రం రావడం ఆలస్యమైతే నర్సుకు చెప్పండి.

డిశ్చార్జ్ అయ్యేముందు మూడు విషయాలు రాయించుకోండి: ఎంత బరువు మోపాలి, ఎన్ని డిగ్రీల దాకా మడవాలి, మెనిస్కస్ కుట్టారా లేదా. కుట్టి ఉంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు 90 డిగ్రీలకు మించి మడవనివ్వరు, బరువు కూడా కొద్దికొద్దిగానే మోపనిస్తారు. ఇక్కడ చెప్పే వ్యాయామాలన్నీ ఆ హద్దులకు లోబడే చేయాలి. ఈసారి ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ స్టిక్కర్ కాపీ కూడా అడిగి తెచ్చుకోండి.

ఆరో అంచె: మొదటి రెండు వారాలు

ఈ పద్నాలుగు రోజుల్లో సాధించాల్సింది ఒక్కటే, మోకాలు పూర్తిగా చాచుకోవడం. మడవడం కాస్త ఆలస్యమైనా తర్వాత వస్తుంది. చాచడం ఇప్పుడు రాకపోతే గ్రాఫ్ట్ ముందు భాగంలో గడ్డలాంటి కండ పెరిగి అడ్డుపడొచ్చు, అప్పుడు దాన్ని తీయడానికి మళ్లీ దూర్బిణీ లోపలికి వెళ్లాలి.

అందుకే మోకాలి కింద దిండు పెట్టొద్దు. ఇంట్లో అందరూ ప్రేమగా చేసే పొరపాటు ఇదే. మోకాలు కొంచెం మడత పడితే హాయిగా ఉంటుంది, ఆ హాయిలోనే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద, పిక్క కింద పెట్టండి. టవల్‌ను గట్టిగా చుట్టి మడమ కింద ఉంచి, మోకాలి వెనక భాగం గాలిలో వేలాడేలా పది నిమిషాలు వదిలేయండి. రోజుకు నాలుగైదు సార్లు. టవల్ తీసేశాక మోకాలి వెనక, పరుపుకు మధ్య మీ అరచెయ్యి దూర్చి చూడండి. చెయ్యి సులువుగా దూరుతోందంటే ఇంకా చాచుకోలేదన్నమాట. రెండో వారం చివర్లో బోర్లా పడుకుని, మోకాళ్ల దాకా మంచం మీద, కింది కాళ్లు బయట ఉంచి, రెండు మడమల ఎత్తు ఎవరినైనా స్కేలుతో కొలవమనండి. సుమారుగా ఒక సెంటీమీటరు తేడా అంటే ఒక డిగ్రీ లోటు.

మిగతా వ్యాయామాలు:

పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మెలకువగా ఉన్నప్పుడు గంటకు 20 సార్లు. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది.

మోకాలిని పరుపుకేసి నొక్కుతూ తొడ కండరం బిగించడం. పది సెకన్లు పట్టి, పదిసార్లు, రోజుకు ఆరేడు విడతలు. తొడ మీద చెయ్యి వేసి చూడండి, లోపలి పక్క కండరం రాయిలా గట్టిపడాలి. మొదటి రెండు రోజులు అసలు కదలికే ఉండకపోవచ్చు. వాపు వల్ల కండరం మొరాయిస్తుంది. ఫిజియో దగ్గర కరెంట్ స్టిమ్యులేషన్ పెట్టించుకుంటే లేస్తుంది.

బ్రేస్‌కు (మోకాలికి తొడిగే గట్టి పట్టీకి) మడత పడకుండా తాళం వేసి కాలు నిటారుగా ఎత్తడం, పదిసార్ల చొప్పున మూడు విడతలు.

మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం. రెండు వారాలకు 90 డిగ్రీలు వస్తే చాలు.

ఐస్ గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. నరాల బ్లాక్ ఇంజెక్షన్ మత్తు వదలకముందు పెట్టకండి, చర్మం కమిలినా తెలియదు. నొప్పి మాత్రలు వేళకు వేసుకోండి. బయట కొనే కాంబినేషన్ మాత్రల్లో పారాసిటమాల్ ఉంటుంది, రాసిచ్చిన దాంతో కలిపితే మోతాదు మించిపోతుంది.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఊతకర్ర, ఆపరేషన్ కాలు ముందు. ఆటోలో కాలు మడిచి ఇరుక్కోవద్దు. కారు వెనక సీట్లో కాలు చాపి అడ్డంగా కూర్చోండి. తొడ వెనక టెండన్ తీసి ఉంటే ముందుకు వంగి చెప్పులు తొడుక్కోవడం, మడమతో దుప్పటి లాగడం ఆరు వారాలు మానేయాలి. అక్కడ టప్‌మని పట్టేస్తుంది.

నెత్తురు కమిలి పిక్క మీదుగా పాదం దాకా నల్లగా దిగడం మామూలే. కోత పక్కన చర్మం మొద్దుబారడమూ మామూలే. కానీ ఇవి కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, కోత నుంచి చీము, పిక్క బిగిసి నొప్పెట్టడం. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఫోన్లు కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పిక్క నొప్పికి నూనె రాసి మర్దన చేయించడం ప్రమాదం, గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు.

తిండి దగ్గర చాలా ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి" అంటారు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు, చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. కండ కట్టాల్సిన సమయంలో ప్రొటీన్ ఆపేస్తే తొడ ఇంకా చిక్కిపోతుంది. బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 96 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల మీల్ మేకర్‌లో 25, గుప్పెడు వేరుశెనగల్లో 7, చిన్న గిన్నెడు ముద్దపప్పులో ఇంకో 7. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే పెంచాలి.

ఏడో అంచె: రెండో వారం నుంచి ఆరో వారం దాకా

కుట్లు పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తీస్తారు. కుంటకుండా నడవగలిగాకే కర్రలు వదలండి. కుంటుతూ కర్రలు వదిలితే ఆ కుంటే అలవాటవుతుంది. మోకాలు 105, 110 డిగ్రీలు మడిచాక సైకిల్ తొక్కొచ్చు, ఇంట్లో నిలిపి ఉంచినదే, బరువు లేకుండా 10 నిమిషాలు. గోడకు ఆనుకుని 45 డిగ్రీల దాకా కిందికి జారి లేవడం, వేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం. ఆరో వారానికి 110 నుంచి 120 డిగ్రీలు రావాలి.

రోజూ పొద్దున మోకాలిలో నీరు చూసుకోవడం అలవాటు చేసుకోండి. కాలు చాపి, మోకాలిచిప్ప లోపలి పక్క గుంటను అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమిరి ఖాళీ చేయండి. తర్వాత బయటి పక్క పైనుంచి కిందికి ఒకసారి నిమరండి. లోపలి గుంట చిన్న అలలా నిండితే నీరుంది. నిన్నటికంటే ఎక్కువుంటే నిన్న చేసిన పని ఎక్కువైందని అర్థం. ఒక రోజు తగ్గించండి. నొప్పి కంటే నీరే నిజం చెబుతుంది.

కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు. నిలబడి చేసే పనికి రెండు మూడు నెలలు, పొలం పని, మూటలు మోయడం, నిచ్చెన ఎక్కడం వంటి వాటికి ఆరు నెలలైనా ఆగాలి.

ఎనిమిదో అంచె: ఆరో వారం నుంచి మూడో నెల దాకా, అసలు ప్రమాదం ఇక్కడ

నొప్పి పోతుంది. నడక బాగుంటుంది. చూసినవాళ్లు "బాగైపోయావే" అంటారు. లోపల జరిగేది దీనికి పూర్తిగా వేరు. పెట్టిన టెండన్‌కు మొదట్లో రక్తప్రసరణ ఉండదు. పాత కణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు పాకి, అది మెల్లగా లిగమెంట్‌లా మారాలి. ఈ మార్పు మధ్యలో, అంటే ఈ వారాల్లోనే, గ్రాఫ్ట్ పెట్టిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. టన్నెల్‌లో ఎముకకు అతుక్కోవడం కూడా ఇప్పుడే జరుగుతుంటుంది. రెండోసారి ఆపరేషన్‌లో పాత రంధ్రాలు, పూడ్చిన ఎముక ఉంటాయి కాబట్టి మరింత ఓపిక పట్టాలి.

కాబట్టి ఈ కాలంలో పరుగు లేదు, గెంతడం లేదు, తడి గచ్చు మీద తొందర నడక లేదు. కుర్చీలో కూర్చుని కాలికి బరువు కట్టి పూర్తిగా చాచే వ్యాయామం ఫిజియో చెప్పేదాకా వద్దు, చివరి 40 డిగ్రీల్లో అది గ్రాఫ్ట్‌ను ముందుకు లాగుతుంది. లెగ్ ప్రెస్, చిన్న మెట్టు ఎక్కి దిగడం, సైకిల్ బరువు పెంచడం చేయొచ్చు. బైకు తోలడం మూడో నెల దగ్గరపడ్డాకే, అదీ డాక్టర్ సరేనన్నాక. కిక్ కొట్టడం, బండి స్టాండ్ మీదికి లాగడం ఆరు నెలల దాకా ఆపరేషన్ కాలితో వద్దు. సకిలం ముకిలం వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం కూడా నాలుగు నుంచి ఆరు నెలల తర్వాతే. పూజ, నమాజు, భోజనం కుర్చీలో కానివ్వండి. పెళ్లిళ్ల సీజన్ వస్తే బంధువులు నేల మీద కూర్చోమంటారు, కుర్చీ అడిగి తెప్పించుకోండి.

తొమ్మిదో అంచె: మూడో నెల నుంచి తొమ్మిదో నెల దాకా

ఇది బోరు కొట్టే కాలం, చాలామంది ఫిజియో దగ్గరికి వెళ్లడం మానేసేది కూడా ఇక్కడే. వారానికి మూడు రోజులు బరువులతో పని చేయాలి, ఎనిమిది నుంచి పన్నెండు సార్ల చొప్పున మూడు విడతలు, చివరి రెండు సార్లు కష్టంగా అనిపించేంత బరువుతో. ఒంటికాలితో చేసే వ్యాయామాలే ఎక్కువ ఉండాలి. రెండు కాళ్లతో చేస్తే మంచి కాలు తెలియకుండానే భారం లాగేసుకుంటుంది.

నెలకోసారి మోకాలిచిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి, అక్కడ రెండు తొడల చుట్టుకొలత రాసుకోండి. ఒంటికాలితో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో, ఒంటికాలితో నడుము ఎత్తే బ్రిడ్జ్ ఎన్నిసార్లు చేయగలరో కూడా రాయండి. బ్రిడ్జ్ 20 దాటాలి, రెండు కాళ్లకూ దగ్గర దగ్గరగా రావాలి.

మెల్లని పరుగు అయిదో నెలకు ముందు ఆలోచించొద్దు. నీరు లేకపోవడం, పూర్తి కదలిక, మంచి కాలి బలంలో కనీసం 80 శాతం, ఇవి ఉంటే మెత్తటి మట్టి మీద ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా అయిదారు సార్లు. మర్నాడు పొద్దున నీరు పరీక్ష చేయండి. గెంతడం ఏడో నెల దాటాక, ముందు రెండు కాళ్ల మీద దిగడం, తర్వాత ఒంటికాలు. ఫోన్‌లో ముందు నుంచి వీడియో తీసుకుని చూడండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి పడిపోతుంటే అదే గ్రాఫ్ట్ తెగే భంగిమ. అది సరయ్యేదాకా ఎత్తు పెంచకండి.

పదో అంచె: ఆటలోకి

రెండోసారి ఆపరేషన్ తర్వాత కబడ్డీ, ఫుట్‌బాల్, వాలీబాల్, షటిల్ వంటి ఆటలకు కనీసం 12 నెలలు ఆగడం మంచిది. నెలలు నిండితే సరిపోదు, పరీక్షలు పాసవ్వాలి. తొడ ముందు కండరం, వెనక కండరం రెండూ మంచి కాలి బలంలో 90 శాతం దాటాలి. ఆపరేషన్‌కు ముందు రాసి పెట్టుకున్న లెక్క ఇక్కడ బయటికి తీయండి. ఒంటికాలి గెంతులు నాలుగు రకాలు: ఒక్క గెంతు, వరుసగా మూడు, గీత దాటుతూ అడ్డంగా మూడు, ఆరు మీటర్లు ఎంత సమయంలో గెంతుతారో. నాలుగింటిలోనూ 90 శాతం రావాలి. ఫిజియో భయం, నమ్మకం గురించి అడిగే ప్రశ్నల జాబితా ఇస్తే నిజాయితీగా నింపండి. కాలు సిద్ధమై మనసు జంకుతుంటే కదలిక బిగుసుకుంటుంది, అదీ గాయానికి దారే.

మొదటి నెల ప్రాక్టీస్ మాత్రమే, ఎదుటివాళ్లు పట్టుకోకుండా. రెండో నెలలో పట్టు, తోపులాటతో ప్రాక్టీస్. ఆ తర్వాతే మ్యాచ్, అదీ మొదట పది పదిహేను నిమిషాలు. రైడర్లు చీలమండ పట్టు నుంచి తిరిగి లాక్కునే కదలికను చివరగా మొదలుపెట్టాలి. అన్నిటికంటే ఎక్కువ మెలి పెట్టేది అదే. ప్రతి ప్రాక్టీస్‌కు ముందు 15 నుంచి 20 నిమిషాలు గెంతి దిగడం, ఒక్కసారిగా ఆగడం, దిశ మార్చడం ఉన్న వార్మప్ చేయండి. వారానికి రెండు రోజుల బరువుల వ్యాయామం ఆడినన్నాళ్లూ కొనసాగాలి. రెండో కాలికి కూడా అంతే చేయించండి, ఒక ఏసీఎల్ పోయినవాళ్లకు అటువైపుది తెగే అవకాశమూ మామూలు వాళ్లకంటే ఎక్కువ.